చైన్‌సాతో చెక్కిన ఎలుగుబంటి మీ పెరట్లో ఎక్కువ కాలం ఉండాలంటే

అమెరికాలో స్మోకీ మౌంటెన్స్‌కి వెళ్లే దారిలో, టెనెస్సీలోని సెవియర్‌విల్ చుట్టుపక్కల, రోడ్డు పక్కన చైన్‌సాతో, అంటే మోటారు రంపంతో, మొద్దుల్లోంచి చెక్కిన ఎలుగుబంట్లు వరసగా నిలబడి కనిపిస్తాయి. ఉత్తర కాలిఫోర్నియాలో 101 హైవే మీద ఓరిక్ దగ్గర రెడ్‌వుడ్ బొమ్మలు అమ్ముతారు. కెనడాలోని చెట్విండ్ అనే చిన్న ఊళ్లో ఏటా చైన్‌సా చెక్కుడు పోటీలు జరుగుతాయి, గెలిచిన బొమ్మలూ ఓడిన బొమ్మలూ ఊరంతా నిలబెట్టి ఉంటాయి. లాంగ్ వీకెండ్‌కి వెళ్లిన మనవాళ్లు ముచ్చటపడి ఒకదాన్ని కొని, కారు వెనక సీట్లు మడిచి పడుకోబెట్టి తెచ్చుకుంటారు. కొన్ని నెలలు తిరిగేసరికి వాట్సాప్ గ్రూపులో ఫొటో వస్తుంది: "ఎలుగుబంటి పొట్ట మీద నిలువునా బీట వచ్చింది, ఏ పుట్టీ పెట్టాలి?"

ఏ పుట్టీ పెట్టొద్దు. బీట వల్ల ఆ బొమ్మ పాడవదు. లోపలికి వెళ్లిన నీరు బయటికి రాలేకపోతే పాడవుతుంది. కింద చెప్పే పనులన్నీ ఆ నీటి గురించే.

1. కొనేటప్పుడే అడగాల్సినవి

మొదటి ప్రశ్న, ఏ చెట్టు? వెస్ట్రన్ రెడ్ సీడార్, రెడ్‌వుడ్, వైట్ ఓక్, బ్లాక్ లోకస్ట్ అయితే వాటి చేవ సహజంగానే పుచ్చుని తట్టుకుంటుంది. వైట్ పైన్ చెక్కడానికి మెత్తగా, ముచ్చటగా ఉంటుంది కాబట్టి తూర్పు రాష్ట్రాల్లో ఎక్కువగా అదే వాడతారు. కానీ ఆరుబయట దానికి ఓపిక తక్కువ. వైట్ పైన్ బొమ్మ కొంటే కప్పున్న వరండాలో పెట్టుకోండి. చేవ అంటున్నాను గమనించండి. సీడార్ అయినా సరే, బెరడు కిందుండే తెల్ల చెక్కకి ఆ శక్తి లేదు. ఎలుగుబంటి వీపు లేత తెలుపులో, పొట్ట ఎర్రగా ఉందంటే ముందుగా పుచ్చేది వీపే.

రెండో ప్రశ్న, చెట్టు ఎప్పుడు కొట్టారు? చైన్‌సాతో పచ్చి చెక్కని కొయ్యడం తేలిక. అందుకే చాలా బొమ్మలు పచ్చివే. చెక్క ఎండటానికి అంగుళం మందానికి ఏడాది పడుతుందని ఇక్కడి వడ్రంగులు ఒక లెక్క చెబుతారు. అది పలకలకి చెప్పే లెక్క. అడుగు మందం మొద్దు నడిమి దాకా ఎండాలంటే ఏళ్లు పడుతుందని దాన్నిబట్టే ఊహించుకోండి. రెండు ముళ్లుండే మాయిశ్చర్ మీటర్ హార్డ్‌వేర్ షాపుల్లో దొరుకుతుంది. దాని ముళ్లు పైపైన మాత్రమే దిగుతాయి కాబట్టి అది చూపించే అంకె లోపలి సంగతి చెప్పదు. అయినా పైనే 25 శాతం చూపిస్తే ఇంకా పచ్చిదని తెలిసిపోతుంది.

మూడో ప్రశ్న, పైన ఏం పూశారు? నూనెనా, వార్నిష్ లాంటి పొర కట్టేదా? ఇది కాగితం మీద రాయించుకోండి. రెండేళ్ల తర్వాత మళ్లీ పూత వేసేటప్పుడు ఈ ఒక్క ముక్క మీకు చాలా పని తప్పిస్తుంది.

ఇక చేత్తో తడిమి చూడండి. బెరడు ఎక్కడైనా వదిలేశారా? చూడ్డానికి బాగుంటుంది కానీ పురుగు ఉండేది దాని కిందే. గుండుసూది తలంత చిల్లుల నుంచి పిండిలాంటి పొడి రాలుతుంటే ఆ బొమ్మని అక్కడే వదిలెయ్యండి. ఆష్ చెట్లని చంపే ఎమరాల్డ్ ఆష్ బోరర్ లాంటి పురుగులు కొత్త ప్రాంతాలకి పాకింది చాలావరకు ఇలా మనుషులు తరలించిన పచ్చి చెక్కతోనే. బెరడుతో ఉన్న చెక్కని రాష్ట్రం దాటించడం మీద చాలాచోట్ల ఆంక్షలున్నాయి.

వినాయకుణ్ణి చెక్కించుకోవాలనే ఆలోచన కొందరికి ఉంటుంది, కాబట్టి ఒక మాట. నిలువు మొద్దులో నార నిలువుగా నడుస్తుంది. కిందికి వేలాడే తొండం ఆ నార వెంటే వస్తుంది కాబట్టి గట్టిగా ఉంటుంది. పక్కలకి విప్పారిన చెవుల్లో మాత్రం నార అడ్డంగా తెగిపోతుంది, చిన్న దెబ్బకే ఊడొస్తాయి. చెవుల్ని వెనక్కి, భుజాలకి అతుక్కునేలా చెక్కమని అడగండి. గద్ద రెక్కలకైనా, ఎలుగుబంటి చాచిన చేతికైనా ఇదే వర్తిస్తుంది. అభిషేకాలకి మాత్రం పక్కన చిన్న ఇత్తడి విగ్రహం పెట్టుకోండి. పాలు, పెరుగు, తేనె చెక్క మీద పడితే బూజుకి విందే.

2. మొదటి ఏడాది: నెమ్మదిగా ఎండనివ్వండి

మొద్దు ఎండేటప్పుడు అన్ని వైపులా ఒకేలా కుంచించుకుపోదు. వార్షిక వలయాల వెంబడి, అంటే చుట్టుకొలతలో కుంచించుకునేది, మధ్య నుంచి అంచుకి కుంచించుకునేదానికి సుమారు రెట్టింపు. అంచు బిగుసుకుంటుంది, మధ్య భాగం అంతగా తగ్గదు. ఇక అంచు ఎక్కడో ఒకచోట తెరుచుకోక తప్పదు. అందుకే బీట బయట వెడల్పుగా, లోపలికి పోయేకొద్దీ సన్నగా, మొద్దు నడిమి వైపు సాగుతుంది. మన కొండపల్లి బొమ్మకి ఈ బాధ లేదు. తేలికైన పొణికి కర్రని చిన్న ముక్కలుగా కోసి, ఎండబెట్టి, చేతులూ కాళ్లూ విడిగా చేసి అతికిస్తారు. ఇక్కడ చెట్టు నడిమి భాగంతో సహా మొత్తం మొద్దే బొమ్మ. బీట లేకుండా కావాలనుకుంటే ఈ రకం బొమ్మే కొనకూడదు.

మన చేతిలో ఉన్నది ఒకటే, ఎండే వేగం తగ్గించడం. కొత్త బొమ్మని హీటర్ నడుస్తున్న లివింగ్ రూములోకి నేరుగా తేవద్దు. శీతాకాలంలో హీటింగ్ వేసిన ఇంట్లో గాలి బాగా పొడిబారుతుంది. అందులో పచ్చి మొద్దు పెడితే అర్ధరాత్రి ఠప్ మని పగిలిన చప్పుడుకి ఇంటిల్లిపాదీ లేచి కూర్చుంటారు. ముందు కొన్ని నెలలు గరాజ్‌లోనో, ఎండ తగలని వరండాలోనో ఉంచండి. అడుగుకి, తల పైభాగానికి, అంటే నార కొసలు తెరుచుకున్న చోట్లకి, మైనం కలిసిన ఎండ్ సీలర్ పూయండి. నీరు ఎక్కువగా పోయేది ఆ కొసల నుంచే. తర్వాత నూనె పూత వెయ్యాలనుకుంటే, తల మీద, అడుగున ఉన్న మైనాన్ని ముందు గీకెయ్యాలి.

పెంటాక్రిల్ అనే ద్రవం కూడా ఉంది. పచ్చి చెక్కలోకి ఇంకి, బీటల్ని తగ్గిస్తుంది. అది పనిచేసేది పచ్చి చెక్క మీదే కాబట్టి బొమ్మ చెక్కిన వెంటనే చెక్కినవారి చేతే పట్టించాలి, సగం ఎండాక డబ్బు దండగ. కొందరు శిల్పులు బొమ్మ వీపున కావాలనే నిలువుగా ఒక లోతైన కోత పెడతారు. బీట ముఖం మీద కాకుండా అక్కడ తెరుచుకుంటుందని. వీపు మీద అలాంటి గాటు కనిపిస్తే పనితనం తక్కువనుకోకండి.

3. పాదాల సంగతి

అందరూ ముఖానికి, పొట్టకి మెరుపు పూసుకుంటారు, అడుగుని ఎవరూ తిరగేసి చూడరు. ఆరుబయట బొమ్మలు ఎక్కువగా పోయేది అడుగు నుంచే. అక్కడ నార కొసలన్నీ నేలవైపు తెరుచుకుని ఉంటాయి. తడి నేల మీద పెడితే కింది నుంచి నీళ్లు తాగుతూనే ఉంటాయి. పుచ్చు తెచ్చే శిలీంధ్రానికి చెక్కలో తేమ 20 శాతం దాటాలి. దాని కింద ఉంచగలిగితే ఏ పుచ్చూ రాదు. కాంక్రీట్ మీద పెట్టాం కదా అని నిశ్చింతగా ఉండకండి. కాంక్రీట్ కూడా తేమని పైకి లాగుతుంది.

ఇలా చెయ్యండి. బొమ్మ అడుగు కన్నా రెండు అంగుళాలు వెడల్పుగా, నాలుగు అంగుళాల లోతు మట్టి తీసేసి కంకర నింపి దిమ్మెస వెయ్యండి. మీద ఒక పేవర్ రాయి (నేల మీద పరిచే చదును పలక), కాస్త ఒక పక్కకి వాలుగా. బొమ్మని మెత్తటి దుప్పటి మీద పడుకోబెట్టి, అడుక్కి నూనె ఇంకినంత సేపూ పూస్తూ పోండి. "ఇక చాలు" అన్నట్టు పైన తడిగా నిలిచే దాకా పొయ్యాలి. ఆరాక మూడు రబ్బరు కాళ్లు బిగించండి. దీనికి హాకీ పక్‌లు, అంటే మంచు హాకీలో బంతికి బదులు వాడే రబ్బరు బిళ్లలు, భలే పనికొస్తాయి. సరిగ్గా అంగుళం మందం, మూడు అంగుళాల వెడల్పు, గట్టి రబ్బరు, కుళ్లదు. మూడే ఎందుకంటే, నాలుగు కాళ్లయితే ఎక్కడో ఒకటి ఊగుతుంది. స్క్రూలు స్టెయిన్‌లెస్ స్టీల్‌వే వాడండి. మామూలు ఇనుప స్క్రూ ఓక్‌లోనో సీడార్‌లోనో దిగితే చుట్టూ నల్లటి మరక పాకుతుంది.

నాలుగైదు అడుగుల బొమ్మ వందల పౌండ్లు ఉంటుంది. ఇంట్లో పిల్లలుంటే దాన్ని ఎక్కకుండా ఉండరు. వెనక రెండు స్టీల్ బ్రాకెట్లతో పేవర్‌కో గోడకో కట్టెయ్యండి. గోడకీ బొమ్మకీ మధ్య కనీసం అరడుగు ఖాళీ ఉండాలి, గాలి ఆడాలి. స్ప్రింక్లర్ నీళ్లు తగిలే చోటు వద్దేవద్దు. వాన వారానికొకసారి కురవచ్చు, కురవకపోవచ్చు. స్ప్రింక్లర్ మాత్రం రోజూ తెల్లారి కురుస్తుంది. చుట్టూ మల్చ్ (మొక్కల మొదళ్లలో పరిచే చెక్క పొట్టు) పోగు చేసి పాదాలు కప్పడం కూడా మానుకోండి.

4. చెంబుడు నీళ్ల పరీక్ష

పూత వేసే ముందు చెంబుడు నీళ్లు ఎలుగుబంటి తలమీద పోసి, ఎక్కడ నిలుస్తున్నాయో చూడండి. వెంట్రుకల్లా చెక్కిన గాట్లు కిందికి సాగి ఉంటే నీరు జారిపోతుంది. అడ్డంగా ఉన్న గాట్లలో ఆగుతుంది. చెవి గుంట, మోచేతి మడత, "వెల్‌కమ్" బోర్డు పై అంచు, ఒళ్లో పిల్ల ఎలుగు కూర్చున్న చోటు, వీటిలో నీళ్లు నిలవడం మామూలే. అలాంటి చోట చిన్న రాస్పుతో (చెక్క గీకే గరుకు ఆకురాయితో) అంచు ఒకచోట తగ్గించి దారి ఇవ్వండి. లోతైన గుంట అయితే పావు అంగుళం డ్రిల్ బిట్‌తో వెనక్కి, కిందికి వాలుగా ఒక కన్నం పెట్టి, ఆ కన్నం లోపల కూడా నూనె పట్టించండి. కొన్న బొమ్మకి కన్నం పెట్టడమేంటని మనసొప్పదు. కానీ ఏ పూతా ఇంత మేలు చెయ్యదు.

5. పూత

ఆరుబయట బొమ్మకి నా ఓటు చెక్కలోకి ఇంకే నూనెకే. పాలీయురెథేన్, వార్నిష్ లాంటివి పైన గాజులా మెరిసే పొర కడతాయి. చెక్క ఉబ్బుతూ తగ్గుతూ ఉంటే ఆ పొర చిట్లుతుంది, చిట్లిన సందులోంచి నీరు దూరుతుంది, ఆవిరై బయటికి పోయే దారి ఉండదు. ఆరుబయటి చెక్క కోసం చేసే స్పార్ యురెథేన్ కొంచెం సాగుతుంది, ఎండనీ కొంత తట్టుకుంటుంది. కప్పు కింద ఉన్న బొమ్మకి అది పర్లేదు. ఎండావానల్లో మాత్రం అదీ కొన్నాళ్లకి పొరలు పొరలుగా లేస్తుంది. అప్పుడు ఆ వెంట్రుకల గాట్లన్నిటిలోంచి పాత పొర గీకాలి. ఆ పని పగవాడికి కూడా వద్దు.

డెక్‌లకి, అంటే ఇంటి వెనక చెక్క అరుగులకి, వాడే పెనెట్రేటింగ్ ఆయిల్ (ఇంకే నూనె) కొనండి, అదీ కాస్త రంగున్నది. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలు చెక్కలో నారని పట్టి ఉంచే లిగ్నిన్ అనే పదార్థాన్ని విరగ్గొట్టడం వల్లే పైభాగం బూడిద రంగుకి తిరుగుతుంది. నూనెలోని రంగు రేణువులే ఆ కిరణాల్ని అడ్డుకుంటాయి, కాబట్టి రంగు లేని నూనె త్వరగా ఓడిపోతుంది. ఉత్త బాయిల్డ్ లిన్సీడ్ ఆయిల్ చవక అని చాలామంది పూస్తారు. తేమ ఉన్న చోట దాని మీద బూజు పట్టి బొమ్మ నల్లబడుతుంది.

పురుగు భయం ఉంటే నూనె కన్నా ముందు బోరేట్ అనే పురుగుమందు ద్రావణం పట్టించండి. టింబోర్ లాంటి పొడిని డబ్బా మీద రాసిన కొలత ప్రకారం నీళ్లలో కలిపి, పూత లేని చెక్క మీద రెండు సార్లు. బోరేట్ నీళ్లలో కరిగేది కాబట్టి పైన నూనె వెయ్యకపోతే వానలకి కొట్టుకుపోతుంది.

నూనె వేసే పద్ధతి: మూడు నాలుగు రోజులు పొడి వాతావరణం ఉండేలా చూసుకోండి. 50 నుంచి 90 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య, బొమ్మ నీడలో ఉండగా మొదలుపెట్టండి. కుచ్చు బ్రష్‌తో పై నుంచి కిందికి. తల, భుజాలు, ముక్కు పైభాగం లాంటి చోట్ల మొదటి చుట్టు తడి ఆరకముందే మళ్లీ మళ్లీ పూయాలి, అవి తాగినంత తాగుతాయి. బీటల లోపలికి కూడా సన్న బ్రష్‌తో పంపండి. పావుగంట, ఇరవై నిమిషాల తర్వాత ఇంకకుండా మిగిలినదాన్ని పాత బనీను గుడ్డతో తుడిచెయ్యాలి. వదిలేస్తే జిగటగా తయారై దుమ్ము పట్టుకుంటుంది.

ఆ గుడ్డల దగ్గర ఒక పెద్ద ప్రమాదం ఉంది. ఆరే రకం నూనె గాలిలోని ఆక్సిజన్‌తో కలుస్తూ వేడి పుట్టిస్తుంది. తడి గుడ్డల్ని ఉండ చుట్టి గరాజ్‌లో చెత్తబుట్టలో పడేస్తే ఆ వేడి లోపలే పేరుకుని, అగ్గిపుల్ల అవసరం లేకుండానే అంటుకుంటుంది. ఇళ్లు తగలబడిన ఉదంతాలు ఉన్నాయి. గుడ్డల్ని ఒక్కొక్కటిగా పరిచి బయట ఆరబెట్టండి, లేదా నీళ్లున్న మూత డబ్బాలో వేసి ఉంచండి.

పాత బొమ్మ మీద ఏముందో తెలియకపోతే నీటి చుక్క వేసి చూడండి, గోటితో గీరండి. పొరలా లేస్తే అది వార్నిష్ లాంటిది. దాని మీద నూనె ఇంకదు. మెత్తటి సాండ్‌పేపర్‌తో మెరుపు పోయేలా రుద్ది అదే రకం పూత వెయ్యండి, లేదా మొత్తం తీసేసి నూనెకి మారండి.

6. ఏటా రెండు సార్లు చూసుకోండి

క్యాలెండర్ కన్నా నీటి చుక్కని నమ్మండి. చిలకరించిన నీళ్లు ముత్యాల్లా నిలిస్తే పూత బాగానే ఉంది, ఇంకిపోయి మచ్చ పడితే మళ్లీ వెయ్యాలి. ఫీనిక్స్ ఎండలో ఏటా వెయ్యాల్సి రావచ్చు, సియాటెల్‌లో వరండా కింద రెండేళ్లు ఆగొచ్చు.

వసంతంలో కడగండి. ప్రెషర్ వాషర్ జోలికి పోవద్దు, మెత్తటి నారని చీల్చేస్తుంది. గోరువెచ్చని నీళ్లు, కొంచెం గిన్నెల సబ్బు, మెత్తటి బ్రష్ చాలు. బూజు ఉంటే ఆక్సిజన్ బ్లీచ్, అంటే సోడియం పర్‌కార్బొనేట్ పొడి కలిపిన నీళ్లు పట్టించి పావుగంట తడిగా ఉంచి కడిగెయ్యండి. క్లోరిన్ బ్లీచ్ చెక్క నారని దెబ్బతీస్తుంది. బూడిద రంగు, ఇనుప మరకలు పోవాలంటే ఆ తర్వాత ఆక్సాలిక్ యాసిడ్ ఉన్న బ్రైటెనర్ (చెక్క రంగు తేల్చే ద్రావణం) పట్టించండి. చేతికి గ్లవ్స్, కళ్లకి అద్దాలు తప్పనిసరి. గ్యాస్ మంటతో కాల్చి నల్లబరిచిన చోట్ల గట్టిగా రుద్దితే ఆ మసి ఊడి వచ్చేస్తుంది, అక్కడ చెయ్యి తేలిగ్గా వెయ్యండి. కడిగాక రెండు మూడు రోజులు ఆరనిచ్చాకే నూనె.

అదే సమయంలో పురుగుని వెతకండి. అర అంగుళం వెడల్పున, కంపాస్‌తో గీసినంత గుండ్రటి కన్నం కనిపిస్తే అది తుమ్మెద పని. తలుపు గడపకి కన్నం పెట్టే మన తుమ్మెదకి ఇక్కడి చుట్టం. సాయంత్రం పూట ఆ కన్నంలోకి కీటకనాశక పొడి కొట్టి, కొన్ని రోజులు తెరిచి ఉంచి, తర్వాత చెక్క బిరడాతో మూసెయ్యండి. పాదాల దగ్గర రంపపు పొట్టు లాంటి కుప్ప, అందులో పురుగుల కాళ్లూ రెక్కలూ ఉంటే కార్పెంటర్ చీమలు. అవి చెక్కని తినవు, తడిసి మెత్తబడ్డ చోట గూడు తొలుస్తాయి. కాబట్టి చీమల మందుతో పాటు తడి ఎక్కడుందో కనిపెట్టాలి. నేల నుంచి పైకి మట్టి గొట్టాలు పాకితే చెద. బొమ్మ అంగుళం ఎత్తున ఉంటే ఆ గొట్టం ఇట్టే కంటపడుతుంది. వడ్రంగి పిట్ట పదే పదే వచ్చి పొడుస్తుంటే లోపల పురుగు ఉందేమోనని అనుమానించండి.

శీతాకాలంలో మంచు పాదాల చుట్టూ పేరుకోకుండా తోసెయ్యండి. నీలం టార్పాలిన్ చుట్టి తాడు కట్టేవాళ్లున్నారు. అందులో చెమ్మ చేరి బొమ్మ ఉడికిపోతుంది. కప్పాలనుంటే గాలి ఆడే గుడ్డ, అదీ కింద వదులుగా.

7. బాగుచేసుకోవడం

బీటలో ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపితే రాయిలా గట్టిపడే జిగురు) నింపితే, వానాకాలం చెక్క ఉబ్బినప్పుడు అది మేకులా నిలబడి పక్కన ఇంకో బీట తెస్తుంది. ముఖం మీద పడి మరీ బాధగా ఉంటే, బాగా ఎండిన బొమ్మకి, అదే జాతి చెక్క చీలికని ఒక పక్క మాత్రమే జిగురు పెట్టి దించండి. రెండో పక్క కదలడానికి వదలాలి.

పుచ్చు అనుమానం ఉన్నచోట స్క్రూడ్రైవర్‌తో పొడవండి. సులువుగా దిగితే మెత్తదంతా తీసేసి, గట్టి చెక్క తగిలే దాకా తవ్వి, పూర్తిగా ఆరనిచ్చి, పల్చటి ఎపాక్సీ ఇంకించి, పైన ఎపాక్సీ ముద్ద నింపి రంగు వెయ్యండి. ఎపాక్సీ ఎండకి పాడవుతుంది కాబట్టి రంగు మానకూడదు. అడుగే పుచ్చితే అతుకులు పెట్టుకుంటూ కూర్చోవద్దు. రెండు అంగుళాలు అడ్డంగా కోయించెయ్యండి. ఎలుగుబంటి రెండు అంగుళాలు పొట్టిదైతే ఎవరూ గమనించరు.

వేళ్లతో ఉన్న మొద్దు మీదే చెక్కిస్తే

2008 సెప్టెంబరులో ఐక్ తుఫాను టెక్సస్‌లోని గాల్వెస్టన్ దీవిని ముంచెత్తింది. ఉప్పునీళ్లు నిలిచి వేల చెట్లు చచ్చిపోయాయి. కొట్టేసిన ఓక్‌ల మొద్దుల్ని కొందరు ఇంటివాళ్లు శిల్పులతో చెక్కించారు. హ్యూస్టన్‌లో ఉండే తెలుగువాళ్లకి గంట ప్రయాణం, ఆ వీధుల్లో ఒక పూట నడిచి రావచ్చు. వాటిని చూసి మన పెరట్లో చచ్చిన చెట్టుకీ అలా చేయిద్దాం అనిపిస్తుంది. చేయించండి, కానీ ఆశ తగ్గించుకోండి. మొద్దు నేలలోనే ఉంటే కింది తేమని ఏ పూతా ఆపలేదు, పైగా చచ్చిన వేళ్లు నేలలోనే కుళ్లుతాయి. బెరడంతా ఒలిపించండి, మొదలు చుట్టూ మట్టిని కిందికి వాలుగా తియ్యండి, ఏటా మొదలు దగ్గర స్క్రూడ్రైవర్ పరీక్ష చెయ్యండి. కుళ్లిందని తేలితే, పడేదాకా ఆగకుండా పైభాగాన్ని కోయించి, మూడు రబ్బరు కాళ్ల మీద నిలబెట్టుకోండి. దానికి వీలుగా ఉండాలంటే, చెక్కించేటప్పుడే బొమ్మ పాదాల కింద కనీసం అడుగున్నర ఖాళీ మొద్దు వదలమని శిల్పికి ముందుగానే చెప్పాలి.